ఫైర్‌ప్లేస్ వెలిగించం కదా, చిమ్నీతో మాకేం పని?

న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే మనవాళ్ల దగ్గర ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇదే మాట వింటున్నాను. మిగతా అపోహలు డబ్బు తింటాయి, ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

ఫైర్‌ప్లేస్ మీరు వెలిగించకపోవచ్చు. బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ రోజూ వెలుగుతోంది కదా! చాలా ఇళ్లలో దాని పొగ పోయేది ఆ ఇటుకల చిమ్నీలోంచే. పైగా అమ్మేముందు ఇల్లు వేడిచేసే పాత ఫర్నేస్ తీసేసి హై ఎఫిషియెన్సీది పెట్టిస్తారు. దాని పీవీసీ గొట్టం పక్క గోడలోంచి బయటికి పోతుంది. ఫర్నేస్, హీటర్ రెండింటి కోసం కట్టిన ఫ్లూలో, అంటే చిమ్నీ లోపలి పొగ దారిలో, ఇక వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. ఆ కాస్త వేడికి అంత పెద్ద ఫ్లూ వేడెక్కదు. పొగలోని ఆవిరి మధ్యలోనే నీరై, ఆ పులుపు నీళ్లు ఇటుకల్ని పట్టి ఉంచే మోర్టార్‌ని తినేస్తాయి. చలికాలం ఇటుకల్లోని తడి గడ్డకట్టి పెచ్చులు లేస్తాయి. చివరికి పొగ పైకి పోక ఇంట్లోకే తిరుగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు.

ఎడిసన్‌లో ఒక ఇంట్లో హీటర్ పైన పైపుల చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగులు కరిగి మైనంలా జారి ఉన్నాయి. దేవుడి గదిలోంచి ఒక అగరుబత్తి తెమ్మన్నాను. హీటర్ ఐదు నిమిషాలు నడిచాక దాని పైన పొగని గొట్టంలోకి పంపే హుడ్ అంచున పట్టుకున్నాను. లోపలికి పోవాల్సిన పొగ నా మొహానికే కొట్టింది. చంకలో పిల్లాడితో నిలబడ్డ ఆ అమ్మాయి "మేం చూసుకోలేదు, మాదే తప్పాండీ?" అంది. నీ తప్పేం లేదమ్మా, నీకెవరూ చెప్పలేదు అన్నాను. అప్పటికప్పుడు హీటర్ ఆపించాను. తర్వాత చిమ్నీ లోపల స్టీల్ లైనర్ గొట్టం వేయించి, చిమ్నీ పైభాగం కొత్తగా కట్టించుకున్నారు.

ఇటుకల సందుల్లో సిమెంటు పూస్తే సరిపోతుందని ఎవరో చెబుతారు, నమ్మకండి. చాలా పాత ఇళ్లలో ఉండేది మెత్తటి సున్నపు మోర్టార్. గట్టి సిమెంటు వేస్తే తడి బయటికి పోలేక ఇటుకే పొడి పొడిగా రాలిపోతుంది.

మొత్తం పునాది దాకా పడగొట్టాలేమోనని హడలిపోకండి. ఎక్కువసార్లు చెడేది ఎండావానలకు నిలబడ్డ, కప్పు పైకి లేచిన చిమ్నీ భాగమే. అంతవరకు కడితే చాలు. ఎత్తు మాత్రం తగ్గించనివ్వకండి: కప్పు దాటిన చోటి నుంచి 3 అడుగులు, 10 అడుగుల లోపున్న ఇంటి ఏ భాగం కన్నా 2 అడుగులు పైకి ఉండాలి.

ఇల్లు చేతులు మారేటప్పుడు కెమెరా దించి చూసే లెవెల్ 2 తనిఖీ చేయించాలని అమెరికా అగ్ని భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి చిమ్నీల ప్రమాణం 211 చెబుతోంది. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో అది ఉండదు, విడిగా అడగండి. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు పడకగదుల దగ్గర సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం మోగుతుందో లేదో ఈ రాత్రే నొక్కి చూడండి.