ఒంట్లోనే పుట్టే ఫార్మాలిన్

2018లో ఆంధ్ర చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు వాటిని రాష్ట్రంలోకి రానివ్వలేదు. భయం సహజమే. కానీ ఫార్మాలిన్‌లో ఉండే ఆ ఫార్మాల్డిహైడ్ మన రక్తంలోనూ ఎప్పుడూ కాస్త ఉంటుంది. దాన్ని ఎవరూ కలపరు. రోజువారీ పనుల్లో భాగంగా మన కణాలే తయారు చేస్తాయి.

దానిది ఒకచోట ఊరుకునే స్వభావం కాదు, తగిలినదానికల్లా అతుక్కుంటుంది. శవాలను కుళ్లకుండా బిగదీసేది ఆ గుణమే. డీఎన్‌ఏ పోగులు రెండింటినీ కలిపి పట్టేస్తే కణం రెండుగా చీలలేదు. జిప్పులో గుడ్డ ఇరుక్కున్నట్టే.

ఇరుక్కున్న చోట కత్తిరించి బాగుచేయడానికి మనకు 20కి పైగా జన్యువులున్నాయి. వాటిలో ఒకటి పనిచేయకపోయినా వచ్చేది ఫాంకోనీ ఎనీమియా. స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు గైడో ఫాంకోనీ 1927లో ముగ్గురు అన్నదమ్ముల్లో దీన్ని గుర్తించారు. రక్తం తయారయ్యే ఎముక మజ్జ ఎండిపోతుంది, క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. సాధారణంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వస్తే తప్ప జబ్బు రాదు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ.

రోగనిర్ధారణకు రక్తకణాల మీద, డీఎన్‌ఏ పోగులను కలిపి బిగించే మైటోమైసిన్ లాంటి మందు వేసి చూస్తారు. జబ్బు ఉంటే క్రోమోజోములు ముక్కలవుతాయి. సరే, మైటోమైసిన్ క్యాన్సర్ మందు కదా, పసిబిడ్డ ఒంట్లోకి ఎలా వస్తుంది? అక్కడ పోగులను బిగిస్తున్నది ఏమిటి? నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే.

కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్త కె.జె. పటేల్ బృందం ఫార్మాల్డిహైడ్ కుటుంబానికి చెందిన రసాయనాలను, అంటే ఆల్డిహైడ్లను అనుమానించింది. మద్యం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ వాటిలో ఒకటి. దాన్ని వదిలించే ఎంజైమూ, ఫాంకోనీ జన్యువూ రెండూ లేని ఎలుకలను పెంచి, తాగే నీళ్లలో ఆల్కహాల్ కలిపారు. కొద్ది రోజుల్లోనే మజ్జ దెబ్బతింది. ఇది 2011 నాటి మాట. 2015లో ఫాంకోనీ జన్యువుతో పాటు ఫార్మాల్డిహైడ్‌ను విరిచే ఎంజైమును తొలగించి చూశారు. ఈసారి బయటి నుంచి ఏమీ ఇవ్వకుండానే రక్త మూలకణాలు అడుగంటాయి.

మనుషుల్లో సాక్ష్యం జపాన్ నుంచి వచ్చింది. కాస్త మద్యానికే ముఖం ఎర్రబడే జన్యుభేదం అక్కడ చాలామందికి ఉంటుంది. వారిలో ఎసిటాల్డిహైడ్ త్వరగా విరగదు. ఫాంకోనీ రోగుల్లో ఆ భేదం కూడా ఉన్న పిల్లలకు మజ్జ మిగతావారికన్నా ముందే చెడిపోయిందని 2013లో తేలింది. ఆ పసివాళ్లు మద్యం ముట్టినవారు కారు.