ఒకేసారి రెండు డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల్లో పనిచేయడం: అపోహలు - వాస్తవాలు

బ్యూటీ పార్లర్ నడుపుతూనో, ఇంట్లో చీరలు అమ్ముతూనో ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో (దుకాణాలతో పనిలేకుండా విక్రేతల ద్వారా సరుకును నేరుగా వినియోగదారులకు అమ్మే కంపెనీ) చేరి, కొన్నాళ్లకు మరో కంపెనీలో కూడా ఐడీ (విక్రేతగా నమోదు సంఖ్య) తీసుకున్నవారు మన ఊళ్లలో ఎందరో కనిపిస్తారు. ఒకదానిలో ప్రొటీన్ పౌడర్లు, మరోదానిలో క్రీములు, సబ్బులు అమ్ముతారు. ఈ రంగంలో అమ్మకాలు చేస్తూ, కొత్తవారికి పని నేర్పుతూ ఉన్నందువల్ల ఈ విషయంలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: రెండు కంపెనీలకు అమ్మడం చట్టవిరుద్ధం.

ఈ భయం ఎక్కువగా బీమా ఏజెంట్లను చూసి పుట్టింది. జీవిత బీమా ఏజెంటు ఒక్క జీవిత బీమా సంస్థకే పనిచేయాలన్న నియమం ఉన్నమాట నిజమే కానీ, అది బీమా రంగానికి సంబంధించినది. డైరెక్ట్ సెల్లింగ్‌కు వర్తించేవి కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 28న నోటిఫై చేసిన వినియోగదారుల రక్షణ (ప్రత్యక్ష విక్రయ) నియమాలు. ఒక విక్రేత ఒకే కంపెనీకి కట్టుబడి ఉండాలన్న షరతు వాటిలో లేదు. అయితే కంపెనీ తన విక్రేతతో ముందుగా లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలని అవే నియమాలు చెబుతున్నాయి. అసలు షరతులు ఉండేది ఆ ఒప్పందంలోనే.

ఐడీ తీసుకునేటప్పుడు ఫోనులో "అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టి ముందుకు సాగిపోతాం కనుక, అందులో ఏముందో చాలామందికి తెలియదు. రెండో కంపెనీలో చేరే ముందు ఆ ఒప్పందాన్ని డౌన్‌లోడ్ చేసుకుని మూడు విషయాలు వెతకండి. పోటీ ఉత్పత్తులు అమ్మడంపై నిషేధం ఉందా, ఒక స్థాయి దాటిన లీడర్లు వేరే కంపెనీలో పనిచేయకూడదన్న షరతు ఉందా, భార్యాభర్తలను ఒకే విక్రేతగా లెక్కిస్తున్నారా అన్నది చూడాలి. ఈ చివరి షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. "మా ఆయన పేరు మీద పెట్టాను, నాకేమీ కాదు" అనుకునేవారికి అది రక్షణ ఇవ్వదు.

అపోహ: నేను చేర్పించినవాళ్లు నా వాళ్లే, రెండో కంపెనీ గురించి వాళ్లకు చెబితే తప్పేముంది?

ఐడీలు రద్దయ్యేది ఎక్కువగా ఇక్కడే. రెండు కంపెనీల సరుకు అమ్మడానికి అభ్యంతరం చెప్పని కంపెనీ కూడా, తన డౌన్‌లైన్‌లో (ఒక విక్రేత కింద వరుసగా చేరినవారి గొలుసులో) ఉన్నవారిని మరో కంపెనీలోకి ఆహ్వానించడాన్ని సహించదు. కొన్ని కంపెనీలు మీరు స్వయంగా చేర్పించినవారి విషయంలో మినహాయింపు ఇస్తాయి కానీ, వారి కింద చేరినవారికి అది వర్తించదు. మీరు చేర్పించిన మీ సొంత చెల్లెలిని ఆహ్వానించవచ్చేమో గానీ, ఆమె చేర్పించిన ఆమె తోటికోడలిని ఆహ్వానించకూడదు.

ఇది సాధారణంగా ఎలా జరుగుతుందో చెబుతాను. టీమ్ మొత్తానికి ఒకే వాట్సాప్ గ్రూపు ఉంటుంది. పొద్దున మొదటి కంపెనీ ఆఫర్ల పట్టిక పెడతారు, సాయంత్రం అదే గ్రూపులో రెండో కంపెనీ జూమ్ మీటింగ్ లింకు పెడతారు. ఎవరో ఒకరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అప్‌లైన్‌కు (మిమ్మల్ని చేర్పించిన పైవారికి) పంపుతారు, అక్కడి నుంచి అది కంపెనీకి చేరుతుంది. సంజాయిషీ నోటీసు వచ్చాక, ఏళ్ల తరబడి కట్టుకున్న టీమ్ మీద వచ్చే కమిషన్ నిలిచిపోతుంది. అందుకే రెండు పనులకూ రెండు గ్రూపులు, రెండు వేర్వేరు పేర్ల జాబితాలు ఉండి తీరాలి. మొదటి కంపెనీ యాప్ నుంచి తీసిన టీమ్ వివరాలను రెండోదాని కోసం వాడడం ఏ ఒప్పందం ప్రకారం చూసినా ప్రమాదమే. మిమ్మల్ని నమ్మి నంబరు ఇచ్చినవారి పట్ల అది న్యాయం కూడా కాదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: రెండు ఐడీలుంటే ఆదాయం రెట్టింపు అవుతుంది.

కమిషన్ శ్లాబుల్లో పెరుగుతుందన్న సంగతిని ఈ మాట మరచిపోతుంది. ఉదాహరణకు నెలకు 10,000 రూపాయల అమ్మకంపై 8 శాతం, 20,000కు చేరితే మొత్తంపై 12 శాతం ఇచ్చే పథకం ఉందనుకుందాం. 20,000 ఒకేచోట అమ్మితే 2,400 రూపాయలు వస్తాయి. అదే అమ్మకాన్ని రెండు అలాంటి కంపెనీల మధ్య సగం సగం చేస్తే మొత్తం 1,600 మాత్రమే వస్తాయి. దీనికి తోడు, ఐడీ యాక్టివ్‌గా ఉండేందుకు నెలనెలా కనీస పాయింట్లు (కొన్న సరుకును బట్టి వచ్చేవి) కావాలనే కంపెనీలు రెండైతే, సొంత కొనుగోళ్లు కూడా రెండింతలవుతాయి. కస్టమర్లకు అవసరమైన రెండో రకం సరుకు మొదటి కంపెనీలో నిజంగా లేనప్పుడే రెండో ఐడీ లాభిస్తుంది.

అపోహ: రెండు కంపెనీల హెల్త్ సప్లిమెంట్లూ మంచివే, కలిపి ఇస్తే ఇంకా మంచిది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. ఒక కంపెనీ మల్టీవిటమిన్ డబ్బాను, మరో కంపెనీ ప్రొటీన్ పౌడర్ డబ్బాను పక్కపక్కన పెట్టి వెనుకనున్న పోషకాల పట్టికలు చదవండి. విటమిన్ ఎ, జింక్, ఐరన్ రెండింటిలోనూ కనిపించే అవకాశం ఎక్కువ. విటమిన్ ఎ శరీరంలో నిల్వ ఉండిపోతుంది కనుక, గర్భిణుల విషయంలో మోతాదు మించడం ప్రమాదకరం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి ఐరన్, కాల్షియం ఉన్న ఉత్పత్తులు ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఏ కంపెనీ శిక్షణలోనైనా ఆ కంపెనీ ఉత్పత్తి గురించే చెబుతారు. రెండింటినీ కలిపితే ఏమవుతుందో చూడవలసిన బాధ్యత రెండూ అమ్మే మనిషిదే. డబ్బా మీద వైద్య అవసరాలకు కాదని ముద్రించి ఉన్న ఉత్పత్తితో షుగర్ తగ్గుతుందని చెప్పకూడదు, మందులు వాడేవారిని ముందు డాక్టరును అడగమనాలి.

బిల్లుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. రెండు కంపెనీల సరుకును ఒకే చీటీ మీద రాసివ్వకుండా, ఏ కంపెనీ సరుకుకు ఆ కంపెనీ బిల్లే ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే 48 పనిగంటల్లో అందినట్లు తెలిపి, సాధారణంగా నెలలోగా పరిష్కరించవలసింది ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారి. కస్టమర్ దగ్గర సరైన బిల్లు లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు ముందుగా సమయం అడిగి, ఆ రోజు ఏ కంపెనీ సరుకు చూపిస్తున్నారో ఆ కంపెనీ గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లాలి.

అపోహ: ఏ కంపెనీలోనూ కమిషన్ పెద్దగా లేదు కనుక పన్ను గొడవ లేదు.

ఏడాదికి 20,000 రూపాయలు దాటిన కమిషన్‌పై కంపెనీ 2 శాతం టీడీఎస్ (చెల్లించే ముందే పట్టుకునే పన్ను) కోస్తుంది. ఆ పరిమితిని ఏ కంపెనీకి ఆ కంపెనీ విడిగా లెక్కిస్తుంది. మీ ఆదాయాన్ని మాత్రం పాన్ నంబరు మీద అంతా కలిపి లెక్కిస్తారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితికి కూడా మీ మొత్తం టర్నోవరునే చూస్తారు.

అపోహ: రెండింటిలో ఒకటి మోసపూరితమైనదైనా, నేను సభ్యురాలినే కనుక నాకేమీ కాదు.

1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం, సరుకు అమ్మకం మీద కాక కొత్తవారిని చేర్పించడం మీదే డబ్బు ఇచ్చే పథకాన్ని నడిపినవారికే కాక అందులో సభ్యులుగా చేరినవారికి కూడా వర్తిస్తుంది. అందువల్ల రెండో కంపెనీ వారిని సూటిగా ఒక ప్రశ్న అడగండి: ఈ నెల కొత్తగా ఒక్కరిని కూడా చేర్పించకుండా, సరుకు మాత్రమే అమ్మితే నాకు ఎంత వస్తుంది? చేరడానికి రుసుము అడిగినా, ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు రాకపోయినా, ఆ ఐడీ తీసుకోకండి.