వసారా, బావి, దీపం

చి. చిన్నికి, చి. బుజ్జికి,

అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. మీరు బెంగుళూరులో క్షేమమని తలుస్తాను.

చూశారా, మొదటి వాక్యంలోనే "వ్రాయునది ఏమనగా" అని వచ్చేసింది. ఇంట్లో ఎవరమూ అలా మాట్లాడం. నెల్లూరు నుంచి మా నాన్నగారు రాసే కార్డులన్నీ అలాగే మొదలయ్యేవి. ఆ అలవాటు నా చేతిలో మిగిలిపోయింది. దీని సంగతి కాసేపాగి మళ్ళీ చెబుతాను.

చిన్నీ, వేసవి సెలవుల్లో నువ్వొక ప్రశ్న అడిగావు. "అమ్మమ్మా, మీ రోజుల్లో ఆడపిల్లల్ని నెలకు మూడు రోజులు వెనక వసారాలో కూర్చోబెట్టేవాళ్ళట కదా. అంతమందిలో ఒక్కరికీ అది తప్పని ఎందుకు తోచలేదు? మళ్ళీ అందరూ ఎప్పుడు మారారు?" అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి మార్పును ప్యారడైమ్ షిఫ్ట్ అంటారని నువ్వే చెప్పావు. ఆ మాటను 1962లో థామస్ కూన్ అనే అమెరికన్ అందరి నోటికీ తెచ్చారు. ఆయన మాట్లాడింది సైన్సు గురించి. పాత సిద్ధాంతానికి లొంగని సంగతులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. పెద్దలు వాటిని పక్కకు నెడుతూ వస్తారు. అవి పెరిగి పెరిగి ఒకనాటికి పక్కకు నెట్టడానికి కూడా వీలుకానంత అవుతాయి. అప్పుడు జవాబులతో పాటు అడిగే ప్రశ్నలు కూడా మారిపోతాయి అన్నారాయన.

మనుషుల సంసారాల్లోనూ అలాగే జరుగుతుందా? నేను చూసినంతవరకు కొంత అలాగే, కొంత వేరుగా జరుగుతుంది. వసారా సంగతి చివర చెబుతాను. ముందు బావి కథ వినండి.

1972లో పెళ్ళయి నేను మద్రాసులోని పశ్చిమ మాంబళానికి వచ్చినప్పుడు ఇక్కడ ఈ ఫ్లాట్లు లేవు. ముందు అరుగు, మధ్యలో నడవ, వెనక పెరడు, పెరట్లో బావి. ఎండాకాలం వస్తే బావి అడుగంటేది. వీధి కుళాయి దగ్గర తెల్లవారుజామున మూడింటికే బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. మద్రాసుకు ఏడాది పొడుగునా పారే నది లేదు. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నిండితే నీళ్ళు, లేకపోతే లేవు. అందుకని ఊరంతటికీ ఒకటే ప్రశ్న. నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలి? ప్రభుత్వాలు మారినా ప్రశ్న అదే. 1983లో తెలుగుగంగకు ఒప్పందం కుదిరింది. 1996లో కృష్ణ నీళ్ళు కండలేరు మీదుగా పూండికి చేరాయి. ఆ కబురు విని మా అత్తగారు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ సంతోషం నిజమైనదే, ఆ నీళ్ళ విలువ కూడా పెద్దదే. కానీ ఆ ప్రశ్నలో ఒక లోపం ఉందని మాకెవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే బీసెంట్ నగర్‌లో శేఖర్ రాఘవన్ గారు ఇల్లిల్లూ తిరిగి ఇంకో ప్రశ్న అడిగేవారు. ఆయన భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. మీ డాబా మీద పడిన వాన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఇదే ఆయన ప్రశ్న. కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. అంతకంటే చెప్పడానికి ఏముంటుంది అనుకునేవాళ్ళు జనం.

బుజ్జీ, నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా, ఈ లెక్క చెయ్యి. చెన్నైలో ఏడాదికి సగటున 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఎంత పడుతుంది? దాదాపు 1,30,000 లీటర్లు. పన్నెండు వేల లీటర్ల నీళ్ళ లారీలు పదికి పైనే. అంత నీరు మన నెత్తి మీదే పడుతుంటే మేము లారీ కోసం వీధి చివర నిలబడేవాళ్ళం. ఐదో క్లాసు పిల్లలకు కూడా వచ్చే ఈ లెక్క నేను నలభై ఏళ్ళు దాటినా వెయ్యలేదు. తెలివి లేక కాదు. వాన నీరంటే త్వరగా వదిలించుకోవలసిన వస్తువు అనే చూపుతో పెరిగాం. డాబా వాలు, గోడ గొట్టం, వీధి కాలువ అన్నీ ఆ చూపుతోనే కట్టినవి. ఇల్లే అలా ఉంటే, అందులో పెరిగినవాళ్ళకు వేరే ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. చెయ్యని ఇళ్ళకు నీళ్ళు ఆపేస్తామంది. ఎక్కడ చూసినా "మళైనీర్ సేకరిప్పు" బోర్డులే. అప్పటికి మా పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. బావి మీద పలక వేసి దాని మీద స్కూటర్లు పెట్టుకునేవారు. అసోసియేషన్ మీటింగ్‌లో రెండు గంటలు గొడవ జరిగింది. చివరికి ఇంటికింత అని వేసుకున్నాం. తాతయ్య ప్లంబర్ని వెంటేసుకుని డాబా గొట్టాలను బావి వైపు మళ్ళించారు. మధ్యలో గులకరాళ్ళు, ఇసుక, ఇటుక ముక్కలు వేయించారు. నమ్మి చేసినవాళ్ళు తక్కువే. నీళ్ళు ఆపేస్తారన్న భయంతో చేశాం. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఆ మరుసటి ఎండాకాలం ఇంకా ఘోరం. డబ్బు దండగ అన్నవాళ్ళు ఉన్నారు.

2005 వానాకాలంలో కుండపోతగా కురిసింది. సంక్రాంతి ముందు పలక పక్కకు జరిపి చూశాం. బావిలో నీళ్ళు అంత పైకి రావడం ఎప్పుడూ చూడలేదు. మూడో అంతస్తు మామ్మగారు కూడా దిగి వచ్చి తొంగి చూశారు. ఆ రోజు ఎవరూ వాదించలేదు. అందరూ చూస్తూ నిలబడ్డారు. అప్పటి నుంచి మా బిల్డింగ్‌లో వాన మొదలైతే డాబా ఊడ్చారా అని అడుగుతారు. నా దృష్టిలో మార్పంటే అదే. వాన చూడగానే గొడుగు గురించి కాక డాబా గురించి అడగడం.

అయితే మార్పు ఒకసారి వచ్చేస్తే కాపురం ఉండిపోతుందనుకోకండి. 2019లో నాలుగు చెరువులూ ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. వాన నీరు ఇంకడానికి తవ్విన గుంతలున్న ఇళ్ళలోనే లారీల కోసం పడిగాపులు. చాలా చోట్ల ఆ గుంతలు మట్టి కూరుకుపోయి ఉన్నాయి. మాది కూడా రెండేళ్ళుగా శుభ్రం చెయ్యలేదు. బోర్డులు చూసి గొట్టం పెట్టుకున్న తరం ఒకటి, దాన్ని ఎందుకు పెట్టారో తెలియకుండా ఇల్లు కొనుక్కున్న తరం ఇంకొకటి. ఎందుకో చెప్పకుండా వస్తువును మాత్రమే అప్పగిస్తే ఇలాగే అవుతుంది. నేను ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాయడానికి అది కూడా కారణం.

ఇప్పుడు ఆ "వ్రాయునది ఏమనగా" దగ్గరకు వస్తాను. వందేళ్ళ క్రితం వరకు మనం మాట్లాడే తెలుగు రాయడానికి పనికిరాదని పండితులు అనేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు కాదన్నారు. 1912-13లో స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం వాడుక భాషలో కూడా రాయవచ్చని అనుమతి వచ్చింది. దానిపై ఈ మద్రాసులోనే సభలు పెట్టి వ్యతిరేకించారు, ఆ అనుమతి వెనక్కి పోయింది. 1915లో గురజాడవారు పోయేనాటికి చూస్తే అంతా ఓడిపోయినట్టే ఉంది. కానీ కథలు రాసేవాళ్ళు, పత్రికలు నడిపేవాళ్ళు ఊరుకోలేదు. రోజూ చదివే మనిషికి రోజూ మాట్లాడే భాష కావాలి. 1930లలో తాపీ ధర్మారావుగారు "జనవాణి"ని ఇక్కడి నుంచే వాడుక భాషలో నడిపారు. విశ్వవిద్యాలయాలు పూర్తిగా ఒప్పుకోవడానికి ఆ తర్వాత కూడా కొన్ని దశాబ్దాలు పట్టింది. అప్పటికి జనం ఎప్పుడో దాటిపోయారు.

ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఊరంతటి కోపాన్నీ భరించిన మనిషి ఆయన. అంతటి ఆయన కూడా భాష విషయంలో చాలాకాలం పాత పక్షానే ఉన్నారు. 1919లో, డెబ్బై ఏళ్ళ వయసులో, వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడిగా ఉండటానికి ఒప్పుకున్నారు. అదే ఏడాది మే 27న మద్రాసులోనే కన్నుమూశారు. జీవితమంతా రాసిన పద్ధతిని ఆఖరి నెలల్లో వదలడానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

అందరూ అలా ఉండరు. అది మూర్ఖత్వమనీ అనలేం. పంతులుగారు పోయిన రెండు రోజులకు, మే 29న, సూర్యగ్రహణాన్ని ఫోటోలు తీసి ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూర్చినవారు ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్. కొత్త చూపును లోకానికి తెచ్చిన మనిషి ఆయన. మన ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన చంద్రశేఖర్ పందొమ్మిదేళ్ళ వయసులో, 1930లో, ఓడ మీద ఇంగ్లండు వెళుతూ ఒక లెక్క వేశారు. చల్లారే నక్షత్రం బరువు ఒక హద్దు దాటితే అది మామూలుగా స్థిరపడలేదని తేలింది. ఆ హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు. 1935లో లండన్ సభలో ఎడింగ్టనే దాన్ని కొట్టిపారేశారు. నక్షత్రం అలా ప్రవర్తించకుండా ఆపే నియమం ప్రకృతిలో ఏదో ఉండాలన్నారు. చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది 1983లో. ఒక మార్పును భుజాన మోసినవాళ్ళు ఆ తర్వాతి మార్పుకు అడ్డుపడతారని మీకు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. కనిపించినప్పుడు వాళ్ళను తేలిగ్గా తీసిపారెయ్యకండి.

ఇక వసారా. బుజ్జీ, మగపిల్లాడివని నీ దగ్గర ఇది దాచను, నువ్వూ చదువు.

నెల్లూరులో పదమూడో ఏట నన్ను మొదటిసారి దూరం కూర్చోబెట్టారు. వేరే చాప, వేరే కంచం, ఎవరినీ తాకకూడదు. నాకు బాధ ఉండేది, తప్పనే మాట మాత్రం తట్టలేదు. వసారా అలా ఉంది, అమ్మ అలా చేసింది, అంతే. మాంబళంలో కూడా బావి పక్కన రేకుల వసారా ఉండేది.

1991లో ఫ్లాట్‌లోకి మారాం. రెండు పడకగదులు, ఒక హాలు, చిన్న బాల్కనీ. ఆ ఏడాదే మీ అమ్మ పెద్దదైంది. మా అత్తగారు ఇల్లంతా కలయజూశారు. ఎక్కడ కూర్చోబెట్టాలి? పెరడు లేదు. బాల్కనీ ఎదురింటి వాళ్ళకు కనిపిస్తుంది. హాల్లో మూలన చాప వేశాం. మర్నాడు మీ అమ్మకు లెక్కల పరీక్ష. బడికి వెళ్ళి వచ్చి, చదువుకోవడానికి టేబుల్ దగ్గర కూర్చుంది. చాప ఖాళీగా ఉంది. అత్తగారు చూశారు, ఏమీ అనలేదు. రెండో నెల చాప వెయ్యలేదు. "దేవుడి గదిలోకి మాత్రం వద్దు" అన్నారు.

అది ఫ్లాట్ ఒక్కదాని వల్ల జరగలేదు చిన్నీ. మీ అమ్మ పాఠ్యపుస్తకంలో శరీరం గురించి పాఠం ఉంది. నేను బడికి వెళ్ళి పాఠాలు చెప్పేదాన్ని, నెలకు మూడు రోజులు సెలవు పెట్టలేను కదా. ఎంతోమంది ఆడవాళ్ళు అప్పటికే రాసి, మాట్లాడి ఉన్నారు. వసారా పోయిన రోజున పట్టుకోవడానికి ఆ మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి లేకపోతే మేము బాల్కనీకి తెర కట్టి అక్కడే కూర్చోబెట్టేవాళ్ళమేమో. కొన్నేళ్ళ తర్వాత అత్తగారు ఎవరితోనో అంటుంటే విన్నాను, "మా ఇంట్లో ఆ పట్టింపులు ఎప్పుడూ లేవమ్మా" అని. అబద్ధం చెప్పలేదు ఆవిడ. నిజంగానే గుర్తు లేదు. అందరూ ఎప్పుడు మారారని అడిగావే, ఆ తేదీ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇదే.

దేవుడి గది మాట మాత్రం మిగిలిపోయింది. అత్తగారు పోయాక దాన్ని నేను కాపాడుతూ వచ్చాను. మొన్న వేసవిలో, ఆ మూడు రోజుల్లోనే, సాయంత్రం నువ్వు దీపం పెట్టడం చూశాను. నేను చూశానని నీకూ తెలుసు. అప్పుడు నేనేమీ అనలేదు. ఒప్పుకుని కాదు, ఏమనాలో తెలియక. ఈ రెండు నెలలూ ఆ గది ముందు కూర్చుని ఎందుకు వద్దని నన్ను నేనే ప్రశ్నించుకుంటే, మా అత్తగారు అన్నారు అన్న జవాబు ఒక్కటే వచ్చింది. ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటారు.

దసరాకు రండి. వానలు మొదలయ్యేలోపు బావి పలక తీసి గులకరాళ్ళు కడిగించాలి, బుజ్జి తాతయ్యకు సాయం ఉంటాడు. చిన్నీ, ఉన్నన్నాళ్ళూ సాయంత్రం దీపం నువ్వే పెట్టు, ఏ రోజైనా సరే. వత్తులు చేసి ఉంచుతాను.

ఆశీస్సులతో
అమ్మమ్మ