డబ్బు ఎన్ని మళ్లు తడుపుతుంది?

బుజ్జీ, చిన్నా,

మొన్న ఫోన్లో బుజ్జి ఒక ప్రశ్న అడిగి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ చిన్నాడి చేతిలో పెట్టి పారిపోయింది. సూపర్‌మార్కెట్‌లో కూరగాయల దగ్గర "స్థానిక రైతుల నుంచి" అని పెద్ద బోర్డు పెట్టారట, అక్కడ కొంటే ఆ డబ్బంతా చుట్టుపక్కల వాళ్లకే వెళ్తుందా తాతయ్యా అని. అంతా వెళ్లదు తల్లీ, కొంత వెళ్తుంది. ఆ కొంత ఎంత అన్నదే అసలు సంగతి. నాకు తెలిసిన లెక్క పొలం లెక్కే, అదే చెబుతాను.

చేనుకి నీళ్లు పెట్టడం చూశారా? కాలువ నీళ్లు ముందు పై మడిలోకి వస్తాయి. అది నిండాక గట్టుకి చిన్న గండి కొడితే కింది మడికి, అక్కణ్నుంచి దాని కింది మడికి. నీళ్లు అవే, తడిసేవి మాత్రం నాలుగైదు మళ్లు. డబ్బూ అంతే. దగ్గరి రైతు చేతికి వస్తే అతని నుంచి కూలీకి, ట్రాక్టర్ మెకానిక్‌కి, మెకానిక్ నుంచి దర్జీకి, దర్జీ కూతురికి ట్యూషన్ చెప్పే మాస్టారికి. అదే ఎక్కడో ఉన్న హెడ్డాఫీసుకి పోయిందనుకోండి, ఒక్క మడి తడిపి మురుగుకాలువలో కలిసినట్టే. (ఆ హెడ్డాఫీసు పక్కన కూడా ఎవరివో మళ్లు ఉంటాయి కదా అంటారేమో. నిజమే, పోలిక అక్కడ కాస్త కుంటుతుంది, పోనివ్వండి.)

బ్రిటన్‌లో న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2000ల మొదట్లో కార్న్‌వాల్ అనే ప్రాంతంలో ఈ లెక్క వేసి చూశారు. ఇంటికి కూరల పెట్టె పంపే స్థానిక రైతు దగ్గర 10 పౌండ్లు ఖర్చుపెడితే అవి చేతులు మారుతూ ఆ ప్రాంతంలో 25 పౌండ్ల ఖర్చుగా తేలాయట, సూపర్‌మార్కెట్‌లో పెడితే 14. తక్కువే, కానీ సున్నా కాదు, చూశారా.

మీ వయసులో ఒకసారి మా వంతు నీళ్లు రాత్రిపూట వచ్చాయి. నాన్న నా చేతికి లాంతరిచ్చి, పై మడి నిండగానే కేకెయ్యమని గట్టు మీద కూర్చోబెట్టాడు. కప్పలు అరుస్తున్నాయి, నిద్ర ముంచుకొస్తోంది, మడి ఎంతకీ నిండదే! తెల్లారి చూస్తే గట్టు అడుగున ఎండ్రకాయ తవ్విన బొక్క, నా బొటనవేలంత. మా వంతు నీళ్లన్నీ అందులోంచి బాట పక్క గుంటలోకి పోయాయి. నాన్న తిట్టలేదు. ఇంత బంకమట్టి తీసి నా అరచేతిలో పెట్టి, "నువ్వే పూడ్చు" అన్నాడు.

పైనుంచి చూస్తే ఆ గట్టు ఎంత బాగుందో! బోర్డూ అలాంటిదే, బొక్కలు కింద ఉంటాయి. పక్క పొలంలో పండిన సరుకే లారీ ఎక్కి దూరాన ఉన్న గోదాముకి వెళ్లి, అక్కడ ప్యాకై మళ్లీ వెనక్కి వస్తుంది కొన్నిచోట్ల. అసలు స్థానికం అంటే ఎంత దూరమో ఎక్కడికక్కడే లెక్క. అమెరికాలో 2008 వ్యవసాయ చట్టం, స్థానిక ఆహార వ్యాపారాలకిచ్చే అప్పుల కోసం, అదే రాష్ట్రంలో గానీ 400 మైళ్ల లోపు గానీ పండితే చాలంది, అంటే దాదాపు 640 కిలోమీటర్లు! ఇక డబ్బు ఆలస్యంగా ఇవ్వడం ఉందే, అది పైరు ఎండాక వచ్చిన నీళ్లు. త్వరగా పాడయ్యే సరుకుకి 30 రోజుల్లోపు డబ్బు కట్టాలని యూరప్ దేశాల కూటమి 2019లో నిబంధనే పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు రైతుల టెన్షన్ ఏపాటిదో మీరే ఊహించుకోండి.

అలాగని సూపర్‌మార్కెట్ వాళ్లని దొంగల్ని చేసేయకండి. అక్కడ పనిచేసేదీ చుట్టుపక్కల పిల్లలే, వాళ్ల జీతాలూ మళ్లు తడుపుతాయి. రైతు దగ్గర నేరుగా, ఏడాది పొడుగునా కొని, వెంటనే డబ్బిచ్చే పెద్ద కొట్టు, దూరం నుంచి సరుకు తెప్పించి అమ్మే చిన్న కొట్టు కంటే నయమే.

ఈసారి వెళ్లినప్పుడు బోర్డు వదిలేసి ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చూడండి. పండింది ఎక్కడో రాశారా, ప్యాక్ చేసింది ఎక్కడో మాత్రమే రాసి ఊరుకున్నారా? బార్‌కోడ్ అంకెలు చూసి చెప్పేస్తానంటాడు చిన్నాడు. ఒరేయ్, ఆ మొదటి అంకెలు నంబరు ఏ దేశపు సంస్థ ఇచ్చిందో చెబుతాయి గానీ సరుకు ఎక్కడ పండిందో చెప్పవు. అరలు సర్దే అన్నని అడగండి, ఇవి పొద్దున ఎక్కణ్నుంచి వచ్చాయన్నా అని. ఆయన ఏమంటే అది ఉన్నదున్నట్టు నాకు రాయండి. తెలీదన్నా సరే, అదీ రాయండి.

మీ తాతయ్య