గోదాము మనదే, వడ్లు మనవి కావు: ఎస్ఎస్‌హెచ్ మీద ఎస్ఈలినక్స్ కాపలా కథ

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు లెక్కల సర్వర్‌ను నేనే చూస్తాను, నల్లగొండలో ఇంట్లో కూర్చొని ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి). మొన్న డిస్క్ నిండిపోతే యూజర్ల హోమ్ డైరెక్టరీలన్నీ కొత్త డిస్క్‌లోకి కాపీ చేశాను. తెల్లారి లాగిన్ అవుదామంటే కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలు) పనిచేయలేదు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫైళ్ల పర్మిషన్లు 700, 600 (అంటే ఓనర్‌కు మాత్రమే), అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిల్లు ఓనర్ కొడుకు ఫోన్‌లో "అన్నా, ఆ ఎస్ఈలినక్స్ బంద్ చెయ్యరాదే, అందరూ అదే చేస్తున్నరు" అన్నాడు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకోవచ్చో లేబుళ్లను బట్టి తేల్చే లినక్స్ కాపలాయే ఎస్ఈలినక్స్. బంద్ చేస్తే నిజంగానే పనిచేసింది. కానీ మనసొప్పక మళ్లీ ఆన్ చేసి, అది ఎవరిని ఎక్కడ ఆపిందో రాసుకునే ఆడిట్ లాగ్ తెరిచాను. 'డినైడ్' అన్న లైనులో అడిగినవాడు ఎస్ఎస్‌హెచ్‌డీ_టీ (సర్వర్‌లో లాగిన్లు చూసే ఎస్ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రాం మీది లేబుల్), అడిగిన ఫైలు మీద లేబుల్ డిఫాల్ట్_టీ. కొత్త డిస్క్‌లో పడ్డ ఫైళ్లకు హోమ్ డైరెక్టరీ లేబుళ్లు రాలేదు, అంతే.

ఆ పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పడానికి వాళ్ల మిల్లే పనికొచ్చింది. సివిల్ సప్లైస్ నుంచి సీఎంఆర్ (సర్కారు వడ్లు మర పట్టి బియ్యం తిరిగి ఇచ్చే పద్ధతి) కింద వచ్చిన వడ్లు వాళ్ల గోదాములోనే ఉంటాయి, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది, అయినా అమ్ముకునే హక్కు లేదు, ఎందుకంటే అవి సర్కారువి. మామూలు లినక్స్ పర్మిషన్లు తాళంచెవి లాంటివి, ఫైలు ఎవరిదో వాడి ఇష్టం, అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్ అయితే అడిగేవాడే లేడు. ఎస్ఈలినక్స్ చేసే తప్పనిసరి యాక్సెస్ కంట్రోల్‌లో అలా కాదు, ఓనరైనా రూటైనా లేబుల్ ఒప్పుకుంటేనే.

ఈ ఆలోచన మిలిటరీ రహస్యాల నుంచి వచ్చింది. 1973లో బెల్, లాపడులా వేసిన నమూనా, ఆ తర్వాత అమెరికా రక్షణ శాఖ కంప్యూటర్ భద్రతా ప్రమాణం ఆరెంజ్ బుక్, అన్నీ 'ఎవరు ఏ స్థాయి కాగితం చూడొచ్చు' అనే లెక్కే. ప్రోగ్రాం పనిని బట్టి ముద్ర వేయడమనే టైప్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌ను 1985లో బోబర్ట్, కేన్ ప్రతిపాదించారు, మనకు నిజంగా పనికొచ్చేది ఇదే. దాని మీద పరిశోధన చేసిన అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ 2000 డిసెంబర్‌లో ఎస్ఈలినక్స్‌ను బయట పెట్టింది (గూఢచారి సంస్థ ఇచ్చిన కోడా అని జనం అనుమానపడ్డారు, పడకుండా ఎలా ఉంటారు). ఒక్కరి పద్ధతినే కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయ) పెట్టనని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అనడంతో, ముందు ఏ భద్రతా పద్ధతినైనా తగిలించుకునే ఎల్ఎస్ఎం అనే చట్రం తయారైంది. 2003లో 2.6 కెర్నెల్‌తో ఎస్ఈలినక్స్ లోపలికి వచ్చింది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. రెడ్ హ్యాట్ కంపెనీ అండతో వచ్చే లినక్స్ ఫెడోరా కోర్ 2లో ప్రతి ప్రోగ్రాంనూ కట్టడి చేసే స్ట్రిక్ట్ పాలసీ (నియమాల జాబితా) పెట్టి చూస్తే రోజువారీ పనులే ఆగిపోయాయి, దాంతో దాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేసి విడుదల చేశారు. 2004 నవంబర్‌లో వచ్చిన ఫెడోరా కోర్ 3లో టార్గెటెడ్ పాలసీ తెచ్చారు. వెబ్ సర్వర్, డీఎన్ఎస్ లాంటి పది పన్నెండు సర్వీసులకే కళ్లెం, మిగతావన్నీ అన్‌కన్ఫైన్డ్, అంటే కట్టడి లేనివి. ఆ జాబితాలో ఎస్ఎస్‌హెచ్ లేదు! ఊరంతటికీ పెద్ద దర్వాజ అదే కదా, దాన్నెలా వదిలేశారు అనిపిస్తుంది. కారణం ఉంది. వెబ్ సర్వర్ పని ఒకటే, ఫైలు తీసి చూపించడం. ఎస్ఎస్‌హెచ్‌డీ పని మాత్రం వచ్చినవాళ్లు ఎవరైనా తాను వాళ్లలా మారి వాళ్లను లోపలికి పంపడం. అందరిలా మారగలిగేవాడిని ఏ గీతలో ఉంచుతాం? తర్వాతి వెర్షన్లలో ఎస్ఎస్‌హెచ్‌డీ_టీ అనే డొమైన్ (ప్రోగ్రాంకు గీసిన హద్దు) ఇచ్చారు గానీ అది చాలా వదులైన అంగీ.

బిగువైన పని, ఎస్ఎస్‌హెచ్‌డీని తయారుచేసే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్రాజెక్టు వైపు నుంచి జరిగింది. 2002లో నీల్స్ ప్రోవోస్ తెచ్చిన ప్రివిలేజ్ సెపరేషన్‌తో, లాగిన్ కాకముందు నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం హక్కుల్లేని వేరే ప్రాసెస్ అయింది. ముక్క విడిపోయింది కాబట్టి ముద్ర కూడా విడిగా వేయొచ్చు. రెడ్ హ్యాట్ వాళ్లు దానికి ఎస్ఎస్‌హెచ్‌డీ_నెట్_టీ అని ఇరుకైన డొమైన్ ఇచ్చారు. 2024 జూలైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8 ఇంకా ముందుకెళ్లి, కనెక్షన్ వినే ప్రోగ్రాంను, సెషన్ నడిపే ప్రోగ్రాంను రెండు వేర్వేరు బైనరీలు (నడిచే ఫైళ్లు) చేసింది. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొరికిన దొంగదారి ఎస్ఎస్‌హెచ్‌డీ ప్రాసెస్ లోపలే కూర్చునే రకం, లాగిన్ అర సెకను లేటవుతోందని గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని కనిపెట్టాడు. అలాంటిది ఆ వదులు డొమైన్‌లో దూరితే పాలసీ ఎంత ఆపుతుందో నాకైతే పెద్ద భరోసా లేదు.

మా సర్వర్ సంగతికొస్తే, సీమేనేజ్‌తో కొత్త ఫోల్డర్‌ను కూడా హోమ్ లాగే చూడమని చెప్పి, లేబుళ్లు మళ్లీ వేసే రిస్టోర్‌కాన్ కొట్టాను, రెండు కమాండ్లు. కీ పనిచేసింది. ఇంకో చిక్కు మిగిలింది. డిఫాల్ట్‌గా లాగిన్ అయిన ప్రతివాడూ అన్‌కన్ఫైన్డ్, అంటే కాపలా అంతా దర్వాజ దగ్గరే, లోపలికొచ్చాక ఇష్టారాజ్యం. అందుకే గుమాస్తా అకౌంట్‌ను కట్టడి ఉండే యూజర్_యూ రకం కిందికి మార్చాను, ఇక రూట్ హక్కులు తెచ్చే సుడో, ఎస్‌యూ రెండూ నడవవు. వారమైంది, ఆయన రోజూ తూకం లెక్కలు ఎక్కిస్తూనే ఉన్నాడు, ఏదో మారిందని కూడా ఆయనకు తెలియదు.