మదర్‌బోర్డు కోడ్లు: అపోహలు - వాస్తవాలు

పవర్ బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. బోర్డు మూలన చిన్న తెర మీద రెండు అంకెలు కదలకుండా నిలిచిపోయాయి. నా దగ్గరికి వచ్చే ‘నో డిస్‌ప్లే’ కేసులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అప్పటికే ఆ అంకెల అర్థం ఇంటర్నెట్‌లో వెతికి, ప్రాసెసర్ పోయిందని తేల్చేసుకుని, కొత్తది ఆర్డర్ పెట్టి మరీ వచ్చేవాళ్లుంటారు. తీరా చూస్తే పాత ప్రాసెసర్ నిక్షేపంగా ఉంటుంది. అలా అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూసి చూసి, ఈ కోడ్ల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: కోడ్ ఏ భాగం పేరు చెబితే ఆ భాగం పాడైనట్టే.

వాస్తవం: పవర్ రాగానే బయోస్ (బోర్డు మీది చిప్‌లో ఉండి సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఒక్కో పనీ వరసగా చేసుకుంటూ పోతుంది. ప్రాసెసర్‌ని సిద్ధం చేస్తుంది, ర్యామ్‌ని గుర్తిస్తుంది, ఆ తర్వాత గ్రాఫిక్స్, యూఎస్‌బీ, డిస్కుల సంగతి చూస్తుంది. దీన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్ అంటాం. ఒక పని మొదలుపెట్టేటప్పుడు దానికి కేటాయించిన అంకెను పోర్ట్ 80 అనే చోట రాస్తుంది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ నాటి నుంచీ ఉన్న పద్ధతే ఇది. ఆ పోర్టులో ఆఖరున పడ్డ అంకె ఏదో, బోర్డు మీది తెర అదే చూపిస్తుంది. రైలు ఏ స్టేషన్ దాకా వచ్చి ఆగిందో తెలిసిందన్నమాట. ఇంజను చెడిందా, పట్టా విరిగిందా, సిగ్నల్ పడలేదా అన్నది మనమే వెళ్లి చూసుకోవాలి.

ఇందులో ఓ చిన్న తేడా ఉంది. చాలా బోర్డుల్లో ఉండే, ఏఎమ్ఐ కంపెనీ తయారుచేసిన ఆప్టియో అనే బయోస్‌లో 50 నుంచి 5ఎఫ్ వరకు, డి0 నుంచి డిఎఫ్ వరకు ఉన్నవి నిజంగానే తప్పు పట్టుకున్నాక రాసే కోడ్లు. 55 అంటే ర్యామ్ కనిపించలేదని, డి6 అంటే డిస్‌ప్లే చూపించే పరికరం ఏదీ దొరకలేదని. మిగతా కోడ్లలో ఎక్కువ భాగం ‘ఈ పని మొదలుపెట్టాను’ అని చెప్పేవే. 2బి నుంచి 2ఎఫ్ మధ్య ఆగితే ర్యామ్‌ని సిద్ధం చేస్తూ ఆగిందని మాత్రమే మనకు తెలుస్తుంది. ముందు ఏ రకం కోడో చూసుకుంటే సగం తప్పుడు నిర్ణయాలు తప్పుతాయి. కంపెనీలు ఈ పట్టికలో మార్పులు చేసుకుంటాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్లో ఉన్న పట్టికనే నమ్మండి.

అపోహ: డీర్యామ్ లైట్ వెలిగిందంటే ర్యామ్ మార్చాల్సిందే.

వాస్తవం: అంకెల తెర లేని బోర్డులు చాలావాటి మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామే), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఎమ్ఎస్ఐ వీటిని ఈజీ డీబగ్ ఎల్ఈడీ అంటుంది, ఆసుస్ క్యూ-ఎల్ఈడీ అంటుంది. డీర్యామ్ దగ్గర ఆగిన సిస్టమ్ వస్తే ముందు ర్యామ్ పూర్తిగా కూర్చుందో లేదో చూస్తాను. మొదటిసారి సిస్టమ్ బిగించుకునేవాళ్లు బోర్డు విరుగుతుందేమోనని భయపడి సుతారంగా నొక్కి వదిలేస్తారు. ఒకవైపే క్లిప్పు ఉండే స్లాట్లలో ఇది మరీ ఎక్కువ. క్లిప్పున్న వైపు టక్కుమంటుంది, రెండోవైపు ఓ మిల్లీమీటరు లేచే ఉంటుంది. కళ్లు బోర్డు ఎత్తుకి దించి పక్కనుంచి చూడండి. సరిగ్గా కూర్చోని స్టిక్కుకి ఒక చివర బంగారు రంగు కాంటాక్టులు సన్నటి గీతలా బయటికి కనిపిస్తాయి.

తర్వాత స్లాటు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే స్టిక్కులు పెడుతుంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్లో ఏ2, బీ2 అని ఉంటుంది. మొదటి రెండింట్లో పెడితే రెండూ ఒకే చానల్లో (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే దారిలో) పడతాయి. కొన్ని బోర్డులు వేగం తగ్గి నడుస్తాయి, కొన్ని అసలు ఆన్ కావు.

ఇవన్నీ సరిగ్గానే ఉండి, అదే ర్యామ్ ఇంకో సిస్టమ్‌లో చక్కగా పనిచేస్తుంటే, అప్పుడు ప్రాసెసర్ విప్పి సాకెట్ చూడాలి. ర్యామ్ సమస్యకి సాకెట్ ఎందుకంటారా? ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ఒకప్పుడు బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో తొలి కోర్ ఐ7తో దాన్ని ప్రాసెసర్ లోపలికే తెచ్చేశాయి. అప్పటి నుంచి ర్యామ్‌కి వెళ్లే దారులన్నీ సాకెట్ పిన్నుల గుండానే పోతున్నాయి. ఇంటెల్ ప్రాసెసర్లు పెట్టే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 1700 పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి వంగినా ఒక చానల్ మొత్తం కనిపించకుండా పోవచ్చు. టార్చి పైనుంచి వేస్తే వంకర తెలియదు, పక్కనుంచి ఏటవాలుగా వేయాలి. పిన్నుల కొసలు నాటు వేసిన వరసల్లా తళుక్కుమంటాయి. ఎక్కడైనా ఒక చుక్క వరస తప్పినా, మెరవకపోయినా అక్కడే ఆగి భూతద్దంతో చూడండి. పిన్నులన్నీ బాగున్నా, కూలర్ స్క్రూలు ఒకవైపు మరీ బిగిసిపోతే ప్రాసెసర్ ఓ పక్కకి ఒరిగి ఇదే లక్షణం చూపిస్తుంది. స్క్రూలు వదులు చేసి, ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగిస్తే పోయిన చానల్ తిరిగి వచ్చిన సందర్భాలు నేను చూశాను.

ర్యామ్ కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానేయండి. అప్పుడు సిస్టమ్ ఆన్ అవుతున్నది చాలాసార్లు ర్యామ్‌ని తీసి మళ్లీ గట్టిగా పెట్టినందువల్లే. ఆ బంగారు పూత చాలా పల్చన. రుద్దినకొద్దీ అరుగుతుంది, పైగా రబ్బరు పొడి స్లాటులో చేరుతుంది. మురికి కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, పీచు రాలని గుడ్డతో తుడిస్తే చాలు.

అపోహ: కొత్త సిస్టమ్ ఆన్ చేశాక నిమిషం దాటినా డిస్‌ప్లే రాలేదంటే ఏదో పాడైంది.

వాస్తవం: డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు మెమరీ ట్రైనింగ్ చేస్తుంది. ప్రతి తీగ మీదా సంకేతం ఏ క్షణానికి చేరుతోందో, ఎంత వోల్టేజీ దగ్గర స్పష్టంగా ఉందో కొలిచి సర్దుకుంటుంది. ర్యామ్ సైజు పెరిగేకొద్దీ, స్టిక్కులు ఎక్కువయ్యేకొద్దీ ఇది కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్ బోర్డుల్లో ఈ సమయమంతా డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. మనిషి కంగారుపడి పవర్ ఆపేస్తాడు, మళ్లీ ఆన్ చేస్తే పని మొదటి నుంచి మొదలవుతుంది. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. బయోస్ అప్‌డేట్ చేశాక, సీమాస్ క్లియర్ చేశాక (అంటే బయోస్ సెట్టింగులన్నీ చెరిపేశాక) కూడా ఇదే జరుగుతుంది.

అపోహ: తెర మీద 00 ఉంటే ప్రాసెసర్ చచ్చినట్టే.

వాస్తవం: 00 నిలిచిపోయిందంటే ప్రాసెసర్ ఇంకా ఒక్క ఆదేశం కూడా మొదలుపెట్టలేదని అనుకోవచ్చు. దానికి కారణాలు చాలా ఉంటాయి. నేను ముందు వెతికేది బోర్డు పైమూలన పెట్టాల్సిన 8 పిన్నుల ప్రాసెసర్ పవర్ కేబుల్. 24 పిన్నుల పెద్ద కేబుల్ ఒక్కటి పెట్టినా ఫ్యాన్లు తిరుగుతాయి, అందుకే ఇది మర్చిపోయినా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్‌కీ 8 పిన్నులే ఉంటాయి గానీ అది 6, 2గా విడిపోతుంది. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది. ఒకదాని చోట ఒకటి బలవంతంగా దూర్చకండి. ఒక మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) పవర్ సప్లై కేబుల్ ఇంకోదానికి వాడటం అంతకంటే ప్రమాదం. సప్లై వైపు పిన్నుల అమరికకు ప్రమాణమంటూ ఏదీ లేదు, బోర్డు కాలిపోవచ్చు.

పాత బయోస్‌కి కొత్త ప్రాసెసర్ తెలియకపోయినా ఇలాగే ఉంటుంది. బీ450 బోర్డులో రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టి, బయోస్ పాతదే ఉంచితే డిస్‌ప్లే రాదు. బోర్డులో బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో మాన్యువల్ చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేయొచ్చు.

అపోహ: కోడ్ తెర మీద ఏ అంకె ఉన్నా లోపమే.

వాస్తవం: విండోస్ హాయిగా పనిచేస్తుంటే ఏఏ గానీ ఏ0 గానీ అలాగే ఉండిపోవడం మామూలే. కొన్ని బోర్డులు బూట్ అయ్యాక అదే తెర మీద ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపిస్తాయి. 45 ఉన్నది కాస్తా ఆట మొదలుపెట్టగానే 70 అయితే అది కోడ్ కాదు.

అంకెను సరిగ్గా చదవడం గురించి కూడా చెప్పాలి. ఒకాయన ఫోన్ చేసి 66 దగ్గర ఆగిందన్నారు. ఆప్టియో పట్టికలో అది ప్రాసెసర్‌కి సంబంధించిన దశ, నేనూ ఆ దారినే ఆలోచించాను. సిస్టమ్ తెచ్చాక చూస్తే 99. కేబినెట్‌ని తలకిందులుగా పెట్టుకుని చూశారాయన. 99 సూపర్ ఐఓ (కీబోర్డు, ఫ్యాన్ల లాంటివి చూసుకునే చిప్) దశ, దాని వెంటనే 9ఏతో యూఎస్‌బీ మొదలవుతుంది. వెనక ఉన్న యూఎస్‌బీ హబ్ పీకేయగానే సిస్టమ్ ఆన్ అయింది. ఈ కోడ్లలో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ మాత్రమే ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం పీ లాంటిది కనిపిస్తే మీరు తిరగేసి చదువుతున్నట్టే. బి, 6 కూడా పోలికగా ఉంటాయి: పైన అడ్డగీత ఉంటే 6, లేకపోతే బి.

అపోహ: బీప్ శబ్దాలకి అన్ని బోర్డుల్లో ఒకటే అర్థం.

వాస్తవం: ఒక పొడవు, మూడు పొట్టి బీప్‌లు పాత ఏఎమ్ఐ బయోస్‌లో మెమరీ లోపం. ఆసుస్ బోర్డుల్లో అవే బీప్‌లు గ్రాఫిక్స్ కార్డు దొరకలేదని చెబుతాయి. ఇక బీప్ రాలేదంటే బోర్డు పోయిందనుకోకండి, ఇప్పటి బోర్డులతో స్పీకర్ చాలావరకు రావడమే లేదు.

అపోహ: కోడ్ అర్థం కాకపోతే ఒక్కో భాగం మార్చి చూడటమే దారి.

వాస్తవం: మార్చే ముందు తీసేయండి. బోర్డుని కేబినెట్ నుంచి బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. అది వచ్చిన యాంటీ స్టాటిక్ కవరు మీద మాత్రం నడపకండి, ఆ కవరులో లోహపు పొర ఉంటుంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, పవర్ సప్లై మాత్రం ఉంచండి. ఇంటెల్ ‘ఎఫ్’ రకం ప్రాసెసర్ లాగా లోపల గ్రాఫిక్స్ లేనిదైతే కార్డు కూడా పెట్టి, మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే తగిలించండి. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో క్షణం పాటు తాకిస్తే ఆన్ అవుతుంది. ఈ స్థితిలోనూ అదే కోడ్ వస్తే పవర్ తీసేసి సీమాస్ క్లియర్ చేయండి, ర్యామ్ స్టిక్ మార్చండి, స్లాటు మార్చండి, ఒకసారికి ఒక్కటే. బయట చక్కగా ఆన్ అయి కేబినెట్‌లోకి వెళ్లగానే ఆగిపోతే, బోర్డు తీసి అడుగున స్టాండాఫ్‌లు (బోర్డుని కేబినెట్‌కి తగలకుండా ఎత్తిపట్టే చిన్న కాళ్లు) లెక్కపెట్టండి. బోర్డుకి రంధ్రం లేని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ మిగిలిపోయి, వెనక ఉన్న సోల్డర్ చుక్కల్ని తాకుతూ ఉండవచ్చు.