సముద్రం మీద బతికేవాళ్ళకు ఇల్లు గీయడం: అపోహలు - వాస్తవాలు

మా ఆఫీసు మాసబ్‌ట్యాంక్‌లో. పేరులో ఉన్న చెరువు ఎప్పుడో పార్కు అయిపోయింది. ఇక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే ఎటు వెళ్ళినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. "చెరువునే నిలబెట్టుకోలేని ఊళ్ళో కూర్చుని సముద్రం వాళ్ళకు ఇళ్ళేంట్రా?" అని మా మేనమామ కలిసినప్పుడల్లా అంటాడు. మాటలో తప్పేం లేదు. కానీ చాలా ఏళ్ళుగా నా పని అదే. ఉత్తరాంధ్ర తీరంలో వేటకు వెళ్ళే కుటుంబాలకు ఇళ్ళు గీస్తాను. మలేసియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ మధ్య నీళ్ళ మీద బతికే బజావు జనం, థాయ్‌లాండ్, మయన్మార్ దీవుల్లోని మోకెన్ జనం ఊళ్ళు ఎలా కట్టుకున్నారో ముందేసుకుని చదువుతాను. ఈ పనిలో మళ్ళీ మళ్ళీ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. ఆఫీసర్లు అంటారు, డబ్బు పెట్టేవాళ్ళు అంటారు, స్టూడెంట్లు అంటారు. మొదట్లో నేనూ అన్నాను.

అపోహ: సంస్కృతిని కాపాడడమంటే కప్పు పడవ ఆకారంలో పెట్టి, గోడల మీద చేపబొమ్మలు వేయించడం.

వాస్తవం: కాలేజీలో స్టూడెంట్ల డిజైన్లు చూసి మార్కులు వేసే జ్యూరీకి వెళ్తే ఇలాంటి మోడల్ ఒకటైనా ఎదురవుతుంది. తిరగేసిన పడవలాంటి కప్పు, కిటికీకి వల డిజైన్ గ్రిల్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అసలు వల ఎక్కడ పెడతారో మాత్రం అందులో ఉండదు.

నా మొదటి ప్లానూ అంతే. పది బై పన్నెండు హాలు, వెనక వంటిల్లు, పక్కన బాత్రూం. కాగితం ఇసుక మీద పరిచి, నాలుగు మూలలా గవ్వలు పెట్టి చూపించాను. ఒక పెద్దాయన కాసేపు చూసి లేచాడు. లేని తాడును లాగుతున్నట్టు రెండు చేతులూ చాచి "ఒక బార, రెండు బార్లు" అని లెక్కపెడుతూ నడిచాడు. మేము ముగ్గు పోసిన గుమ్మం గీత దాటాడు, వెనక గోడ గీత కూడా దాటి ఆగాడు. "వల సరిచేసుకోడానికి ఇంత కావాల బాబూ" అన్నాడు. నేను టేపుతో అడుగులు కొలుచుకుని వచ్చాను, ఆయన లెక్క బారల్లో ఉంది. ఆయన భార్య ఇంకో మాట అడిగింది. "ఇల్లు బాగుంది బాబూ. మరి చేపలెక్కడ ఎండేస్తాం?" మేడ మీద అన్నాను. ఆవిడ నవ్వింది. "తట్టలెత్తుకుని ఎన్నిసార్లు ఎక్కమంటావు? చినుకు పడితే ఎవరు పరిగెత్తాల?"

ఆ రోజు నాకు తెలిసింది ఏమిటంటే, వాళ్ళ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గదికి గోడలుండవు. వల బాగుచేసేది, చేపలు ఎండేది, పిల్లలు పడుకునేది, పంచాయితీలు తేలేది అక్కడే. గంగమ్మ జాతర ఊరేగింపు ఒడ్డుకు వెళ్ళేదీ ఆ ఖాళీలోంచే. మా ప్లాన్లలో దాన్ని 'ఓపెన్ స్పేస్' అని రాసి, బడ్జెట్ తగ్గితే మొదట దాన్నే కోసేస్తాం.

అందుకని ఇప్పుడు గుమ్మం నుంచి గీయను. పడవ ఆగే చోటు నుంచి మొదలుపెడతాను. అక్కణ్ణుంచి వల ఏ దారిన వస్తుంది, ఇంజిన్ ఏ దారిన వస్తుంది, చేపల తట్ట ఎటు పోతుంది. ఈ మూడు దారులూ పడ్డాకే గోడ. బజావు ఊళ్ళు చూస్తే ఇదే క్రమం కనిపిస్తుంది. ఒకప్పుడు లెపా అనే పడవల్లోనే కాపురాలు చేసినవాళ్ళు. ఇప్పుడు చాలామంది లోతు తక్కువ నీళ్ళలో గుంజల మీద ఇళ్ళు కట్టుకున్నారు. ఇంటి ముందు చెక్కల అరుగు ఉంటుంది. చేపలు ఎండేది, కొన్నిచోట్ల అమ్మకానికి పెంచిన సముద్రపు నాచు ఆరేది ఆ అరుగు మీదే, పడవ కట్టేది దాని పక్కనే. మాల్దీవుల రిసార్టు గదులూ గుంజల మీదే ఉంటాయి కాబట్టి రెండూ ఒకటేనని మా స్టూడెంట్లు అనుకుంటారు. రిసార్టులో పక్కగది వాడు కనపడకూడదని డబ్బు కడతారు. ఇక్కడ పక్కింటివాళ్ళు కనపడకపోతే కంగారు పడతారు.

అపోహ: కాంక్రీటు ఇల్లు శాశ్వతం, తాటాకు ఇల్లు తాత్కాలికం.

వాస్తవం: హైదరాబాద్‌లో వేసినట్టు వేస్తే సముద్రపు ఒడ్డున కాంక్రీటు చాలా త్వరగా పాడవుతుంది. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడతాయి. అందుకే కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్, సముద్రపు తుంపర పడే చోట కాంక్రీటు బలం కనీసం ఎం35 గ్రేడు, రాడ్డు మీద 50 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర, ఉండాలంటుంది. పోటు పాట్ల మధ్య నిలబడే స్తంభానికైతే ఎం40, 75 మిల్లీమీటర్లు. మన ఊళ్ళో స్లాబుకు 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టడం అలవాటైన మేస్త్రి చేత ఇది చేయించాలంటే ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుసు. దానికి తోడు దగ్గర్లో దొరికే ఇసుకలో ఉప్పు, బోరు నీళ్ళలో ఉప్పు. ఒక ఊళ్ళో ఒడ్డు ఇసుక వాడొద్దని రాసిన మా లెటర్లు కాంట్రాక్టరు ఫైల్లో ఉన్నాయి, ఒడ్డు ఇసుక మాత్రం పిల్లర్లలో ఉంది. మూడో ఏడాదికే సన్‌షేడ్ల కింద రాడ్లు బయటపడ్డాయి. తప్పులో నా వాటా కూడా ఉంది, పోత రోజున నేను సైట్లో లేను.

ఇక ఉత్తరాంధ్ర చుట్టిల్లు చూడండి. గుండ్రటి మందపాటి మట్టిగోడ, దాని మీద గొడుగులా కిందికి దిగిన తాటాకు కప్పు. గాలికి కొట్టడానికి మూల దొరకదు, పక్కల నుంచి జారిపోతుంది. చూరు ఎంత కిందికుంటుందంటే లోపలికి వెళ్ళేటప్పుడు తల వంచాల్సిందే. ఆకు పాడైతే ఇంటివాళ్ళే మళ్ళీ నేసుకుంటారు. ఇల్లు నిలబడేది ఈ మరమ్మతు వల్లే, అది చేతనైనవాళ్ళు ఊళ్ళో ఉన్నంతకాలం. తాటాకుకు నిప్పు భయం ఉంది, నేసేవాళ్ళూ తగ్గిపోతున్నారు కాబట్టి అందరూ చుట్టిళ్ళకే తిరిగి వెళ్ళాలని నేననను. కానీ నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు, గోడకు గట్టిగా బిగించిన చూరు, ఊడితే అంతా కాకుండా ఒక ముక్కే మార్చుకునే వీలు, ఈ మూడూ దాని దగ్గర నేర్చుకున్నవే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 185 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. అలాంటి గాలిలో ఎక్కువ భయం గోడ గురించి కాదు, సరిగా బిగించని రేకు గురించి. ఎగిరిన రేకు కత్తిలా పోతుంది.

అపోహ: అయితే పాతదంతా పర్యావరణానికి మంచిదే.

వాస్తవం: కాదు. ఇండోనేసియాలోని వకటోబిలో బజావులు పగడపు రాళ్ళు తవ్వి ఇళ్ళకు పునాదులు వేసుకున్నారు. కెరటాన్ని విరిచే దిబ్బ నుంచే రాయి తీస్తే కెరటం ఇంటి మీదికే వస్తుంది. మడచెట్ల గుంజలూ అంతే, నాలుగు ఇళ్ళకైతే సరిపోతాయి, నాలుగు వందలకు అడవి మిగలదు. బోర్నియో ఉక్కుచెక్క నీళ్ళలో చాలా కాలం ఉంటుంది, ఇప్పుడు ఆ చెట్టే అరుదైపోతోంది.

మరుగుదొడ్డి సంగతి ఇంకా మొహమాటమైనది, ఎవరూ ప్లాన్‌లో గీయరు. జనం పదిమంది ఉండి, పడవలు తిరుగుతూ ఉన్నప్పుడు పాటు వచ్చి అంతా తీసుకుపోయేది. ఊరు ఒకేచోట స్థిరపడి, ఇళ్ళు కిక్కిరిశాక అదే నీళ్ళలో పిల్లలు ఈదుతారు. కంబోడియా టోన్లే సాప్ సరస్సులో తేలే ఇళ్ళ కింద డ్రమ్ము పెట్టి, మరుగుదొడ్డి నీటిని గుర్రపుడెక్క వేళ్ళ గుండా పంపించి శుభ్రం చేసే పద్ధతి ఉంది. బాగుంది కదా అని సముద్రానికి తేవడానికి లేదు, గుర్రపుడెక్క ఉప్పునీళ్ళలో బతకదు. నా ఓటు పది పన్నెండు ఇళ్ళకు కలిపి గట్టు మీద ఒక మూసిన ట్యాంకుకు. పైపులు నడక వంతెన కిందుగా పోతాయి. ఆ వంతెన వెడల్పు ట్యాంకు ఖాళీ చేసే బండిని బట్టి ఉండాలి.

అపోహ: తేలే ఇళ్ళే భవిష్యత్తు.

వాస్తవం: అలలు లేని మడుగులో, కాలువలో అయితే ఆలోచించవచ్చు. తెరిచిన సముద్రంలో రోజంతా ఊగే ఇంట్లో పాపకు అన్నం పెట్టి చూడండి.

అపోహ: ప్రమాదం కాబట్టి సముద్రానికి దూరంగా తీసుకెళ్ళి ఫ్లాట్లు ఇస్తే భద్రం.

వాస్తవం: భయం నిజమే. దివిసీమ 1977 ఉప్పెనను మనవాళ్ళు ఇంకా మర్చిపోలేదు. మన చెరువులకు ఎఫ్‌టీఎల్ (నీరు నిండే హద్దు), దాని చుట్టూ బఫర్ ఉన్నట్టే తీరానికి సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలను నియంత్రించే నిబంధన) ఉంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2161 మంది దాటిన గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 50 మీటర్లు, మిగతా గ్రామీణ తీరంలో 200 మీటర్లు కొత్త నిర్మాణాలకు వీల్లేదు. ఆ గీత దాటి గీయమని నేను చెప్పను. కానీ 200 మీటర్లకూ రెండు కిలోమీటర్లకూ తేడా ఉంది. ఫైబర్ బోటు ఇంజిన్‌ను ఒడ్డున వదిలేస్తే పోతుందని రోజూ విప్పి భుజాన ఇంటికి తెచ్చుకుంటారు. నలభై కిలోల బరువు. దాన్ని మూడో అంతస్తుకు మోసేదెవరు? చివరికి ఫ్లాట్‌కు తాళం వేసి, ఒడ్డున పాక వేసుకుని అక్కడే పడుకుంటారు. అంటే ప్రమాదం ఎక్కడికీ పోలేదు, పైగా ఇప్పుడది లెక్కలో కూడా ఉండదు.

తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ 1970లలో తిరువనంతపురం దగ్గర పూంతురలో మత్స్యకారులకు ఇళ్ళు గీసినప్పుడు వరసను కొంచెం ముందుకూ వెనక్కూ జరిపారు. ప్రతి ఇంటికీ సముద్రపు గాలి తగులుతుంది, సముద్రం కనిపిస్తుంది, మధ్యలో వలలు ఆరేసుకునే జాగా మిగులుతుంది. ఖర్చు పెరగలేదు, పెన్సిల్ కాస్త జరిగిందంతే.

వరసలు ఎంత ముఖ్యమో మోకెన్‌లకు వేరే విధంగా తెలిసింది. 2004 సునామీ వచ్చినప్పుడు థాయ్‌లాండ్ సురిన్ దీవుల్లోని మోకెన్‌లు నీరు వెనక్కు తగ్గడం చూసి కొండెక్కి బతికారు. మనుషుల్ని మింగే అల గురించి వాళ్ళ పెద్దలు తరతరాలుగా చెప్పుకునే కథ ఉంది. ఆ తర్వాత రెండు చోట్ల ఉన్న ఊళ్ళను ఒకే తీరంలో కలిపి, ఇళ్ళను దగ్గర దగ్గరగా వరసల్లో కట్టారు. 2019 ఫిబ్రవరిలో నిప్పంటుకుని అరవై దాకా ఇళ్ళు కాలిపోయాయి. నీటి నుంచి కాపాడామనుకున్న చోట నిప్పు గురించి ఎవరూ ఆలోచించలేదు.

అపోహ: వాళ్ళు తిరిగే జనం, పట్టాలు ఎందుకు?

వాస్తవం: బజావుల్లో చాలామందికి ఏ దేశపు కాగితమూ లేదు. 2024 జూన్‌లో మలేసియాలోని సెంపోర్నా దగ్గర మెరైన్ పార్కులో వాళ్ళ ఇళ్ళను అధికారులు కూల్చేశారు, వందలమంది నిలువనీడ లేకుండా అయ్యారు. ఎంత మంచి వెదురు జాయింటు గీసినా కాగితం లేని ఇంటికి అది అక్కరకు రాదు. మన దగ్గర కూడా ఇంటికి పట్టా వస్తుంది గానీ వల ఆరేసే జాగాకు రాదు. కొన్నాళ్ళకు అక్కడ పార్కింగ్ వస్తుంది. అందుకే నేను మొదటి మీటింగ్‌లోనే ఆ ఖాళీ ఎవరి పేరు మీద ఉంటుందని అడుగుతాను. ఆఫీసర్లకు చిరాకు. అయినా అడుగుతాను.

అపోహ: మీటింగ్ పెట్టి సంతకాలు తీసుకున్నాం, జనం ఒప్పుకున్నారు.

వాస్తవం: మధ్యాహ్నం మీటింగ్‌కు వచ్చేది ఖాళీగా ఉన్న మగవాళ్ళు. చేపలు అమ్మే ఆడవాళ్ళు ఆ సమయానికి తట్టలతో ఏ వీధిలో ఉన్నారో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు, వలలన్నీ బయట పరిచి ఉంటాయి, ఎంత జాగా కావాలో అడక్కుండానే కనిపిస్తుంది. అప్పుడు వెళ్ళి కొలవండి, బారల్లోనే కొలవండి. ప్లాన్ గీశాక జూన్ 15న మళ్ళీ వెళ్ళండి, తెల్లారకముందే. ఇసుక మీద ముగ్గుతో గుమ్మం గీసి పక్కకు తప్పుకుని నిలబడండి. ఇంజిన్ భుజానేసుకున్న మనిషి మీ గుమ్మం దగ్గర ఎటు తిరుగుతాడో, ఎక్కడ తడబడతాడో చూడండి.